ఇరవై నాలుగు గళ్లలో పసిబిడ్డ

పుట్టి ఐదు రోజులైన బిడ్డను చూపించడానికి వెళ్తే పిల్లల డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి: "నిన్న ఈ వేళ నుంచి ఇప్పటిదాకా ఎన్నిసార్లు తడిపాడమ్మా?" బాలింత నాలుగంటుంది. పక్కన నిలబడ్డ అమ్మమ్మ "నాలుగేమిటే, ఆరేడు గుడ్డలు మార్చాం" అంటుంది. తండ్రికి రాత్రి రెండింటికి మార్చిన గుడ్డ ఒక్కటే గుర్తుంది. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ముగ్గురికీ నాలుగు రోజులుగా కంటినిండా నిద్ర లేదు, అందుకే మూడు లెక్కలు.

డాక్టరు ఆ మాట ఊరికే అడగరు. సీసాకున్నట్టు తల్లి రొమ్ముకు కొలత గీతలు ఉండవు. లోపలికి ఎన్ని పాలు వెళ్లాయో తెలియాలంటే బయటికి ఎంత వచ్చిందో చూడాలి. మొదటిరోజు ఒక్కసారి తడిపినా చాలు, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు. పాలు బాగా పడ్డాక, అంటే నాలుగైదు రోజుల తర్వాత, 24 గంటల్లో కనీసం ఆరుసార్లు తడపాలి. విరేచనం రంగు కూడా ఇదే కథ చెబుతుంది. మొదట తారులా నల్లగా, జిగటగా ఉండేది ఆకుపచ్చకు తిరిగి, ఐదో రోజుకల్లా ఆవపిండి పసుపులోకి రావాలి. అప్పటికీ నల్లగానే ఉన్నా, తడిగుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక కనిపిస్తున్నా బిడ్డకు పాలు చాలడం లేదేమోనని డాక్టరు అనుమానిస్తారు. మొదటి రోజుల్లో పుట్టిన బరువులో ఏడు నుంచి పది శాతం దాకా తగ్గడం మామూలే. రెండు వారాలు నిండేలోగా ఆ బరువు తిరిగి రావాలి. ఇంత ముఖ్యమైన లెక్కను అలసిపోయిన ముగ్గురి జ్ఞాపకానికి వదిలేయడం న్యాయం కాదు.

తెలుగిళ్లలో కాగితం మీద లెక్క పెట్టడం కొత్తేమీ కాదు. పాలవాడు రాని రోజులూ, గ్యాస్ బండ వచ్చిన తేదీలూ గోడ క్యాలెండర్ గళ్లలో దశాబ్దాలుగా ఎక్కుతూనే ఉన్నాయి. పసివాడి పాల లెక్కకు కావలసింది అలాంటి గళ్లే, కాస్త చిన్నవి.

ఒక రూళ్ల నోటుబుక్కు తీసుకుంటే చాలు. అడ్డంగా ఒక వరస ఒక రోజు, వరసలో 24 గళ్లు. బిడ్డ నిద్రపోయినంతసేపూ పెన్సిలుతో గడిని నింపాలి. పాలు పట్టిన వేళకు ఒక చుక్క, తడిపితే 'త', విరేచనమైతే 'వి', ఏడుపుకు ఒక అలగీత. అంతే. ఏ రొమ్ము పట్టారో గుర్తుంచుకోవాలంటే చుక్కను గడిలో ఎడమకో కుడికో పెట్టుకోవచ్చు. వరసను అర్ధరాత్రి నుంచి కాకుండా మధ్యాహ్నం పన్నెండు నుంచి మొదలుపెడితే ఇంకో సౌకర్యం ఉంది: రాత్రి రెండు ముక్కలు కాకుండా కాగితం నడిమధ్యలో నిండుగా నిలుస్తుంది. రోజుకో పేజీ ఉన్న అందమైన డైరీ కన్నా, రోజులన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చే ఈ చవక కాగితమే మేలు. ఒక వరసను విడిగా చూస్తే గందరగోళమే. ఇరవై వరసలు ఒకచోట చేరితే బిడ్డ ఒంట్లో జరుగుతున్న పని కంటికి కనిపిస్తుంది.

అలా రాసిన ఒక తల్లి కాగితాలు పిల్లల వైద్యంలో పెద్ద మలుపుకు తోడ్పడ్డాయి.

20వ శతాబ్దం మొదట్లో పాశ్చాత్య దేశాల్లో పసిబిడ్డల మీద గడియారం పెత్తనం చేసేది. 1907లో న్యూజిలాండ్‌లో పసిబిడ్డల సంరక్షణ కోసం ప్లంకెట్ సొసైటీని స్థాపించిన డాక్టర్ ట్రూబీ కింగ్, నాలుగు గంటలకోసారే పాలివ్వాలనీ, రాత్రిపూట అసలు ఇవ్వకూడదనీ తల్లులకు నేర్పాడు. మధ్యలో బిడ్డ ఎంత ఏడ్చినా ఎత్తుకోకూడదనే మాట అమెరికాలోనూ చెల్లింది. తల్లుల చేతుల్లో కాగితం అప్పుడూ ఉంది. కాకపోతే అందులో ఉన్నవి బిడ్డ చేసిన పనులు కావు, బిడ్డకు పెట్టిన ఆజ్ఞలు.

ఫ్రాన్సెస్ సిమ్సేరియన్ అనే మనస్తత్వవేత్త దీన్ని తిరగేసింది. అప్పుడే తల్లయిన ఆమె, డాక్టర్ ప్రెస్టన్ మెక్‌లెండన్‌తో కలిసి తన సొంత బిడ్డ మీదే ఒక పరిశీలన చేసింది. ఆకలని బిడ్డ సూచించినప్పుడల్లా పాలివ్వడం, ఇచ్చిన వేళ రాసుకోవడం, ఏ నియమమూ విధించకపోవడం. 1942లో ప్రచురించిన వాళ్ల వ్యాసం బిడ్డ మొదటి 12 వారాల లెక్క. మొదటి రెండు మూడు రోజులు అతను పెద్దగా లేవనేలేదు. పాలు పడే వేళకు, మొదటి వారం రెండో సగంలో, రోజుకు పదిసార్లు దాకా లేచాడు. రెండు వారాలకు ఆరేడు సార్లకు వచ్చాడు, అదీ ఒక వేళాపాళా లేకుండా. పది వారాలకు, ఎవరూ నేర్పకుండానే, ఇంచుమించు నాలుగు గంటలకోసారి పాలు తాగే స్థితికి తనంతట తానే చేరుకున్నాడు.

డాక్టర్లు మొదటి రోజు నుంచీ బలవంతాన రుద్దుతున్న నాలుగు గంటల ఎడం, పది వారాలు ఓపిక పడితే దానంతటదే వచ్చింది. ఒక్క బిడ్డతో శాస్త్రం తేలదు, నిజమే. అయినా ఆ లెక్క చాలామందిని ఆలోచింపజేసింది. 1946లో వచ్చి లక్షల ఇళ్లకు చేరిన తన పిల్లల పెంపకం పుస్తకంలో బెంజమిన్ స్పాక్ ఈ పరిశీలనను ప్రత్యేకంగా చెప్పుకొచ్చాడు. ఈ రోజు ప్రపంచమంతటా డాక్టర్లు చెప్పేది కూడా అదే: అడిగినప్పుడల్లా పాలివ్వండి, మొదటి వారాల్లో అది రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు దాకా ఉంటుంది.

పాల తర్వాత నిద్ర. "పగలూ రాత్రీ తిరగేసుకున్నాడే వీడు" అని పురిటింట్లో అమ్మమ్మలు అనే మాటకు షికాగో విశ్వవిద్యాలయంలో ఒక బొమ్మ గీశారు. నిద్ర పరిశోధనకు ఆద్యుడనదగిన నథానియెల్ క్లీట్‌మన్, థియోడర్ ఎంగెల్‌మన్‌తో కలిసి 1953లో పసిబిడ్డల నిద్ర మీద ఒక అధ్యయనం ప్రచురించాడు. ఆయన పేరు చెప్పగానే నిద్ర శాస్త్రవేత్తలకు గుర్తొచ్చే పటం ఒకే ఒక్క బిడ్డది. ఆ బిడ్డకూ అడిగినప్పుడే పాలు, వచ్చినప్పుడే నిద్ర. పుట్టిన 11వ రోజు నుంచి 182వ రోజు దాకా రోజుకో వరస. నిద్రకు గీత, మెలకువకు ఖాళీ, పాలకు చుక్క. నోటుబుక్కులో పైన చెప్పిన గళ్లే అవి, గుర్తులే కాస్త వేరు.

ఆ పటాన్ని పైనుంచి కిందికి నెమ్మదిగా చూడాలి. పై వరసల్లో చిన్న చిన్న గీతలు చెల్లాచెదురుగా, గుప్పెడు నువ్వులు చల్లినట్టు పడి ఉంటాయి. అక్కడ రాత్రి లేదు, పగలూ లేదు. కిందికి వస్తుంటే గీతలు ఒకదానికొకటి అతుక్కుని పొడవవుతాయి. అప్పుడొక వింత కనిపిస్తుంది: నిద్ర పట్టీలు నిలువుగా దిగకుండా ఏటవాలుగా జారుతుంటాయి. అంటే బిడ్డ రోజు 24 గంటలకన్నా కాస్త ఎక్కువ. ఇవాళ పదింటికి పడుకుంటే రేపు ఇంకొంచెం ఆలస్యం, ఎల్లుండి మరికొంచెం. ఒంట్లో గడియారం మొదలైంది, కానీ సూర్యుడితో ఇంకా జత కుదరలేదు. ఇంకా కిందికి వెళ్తే ఆ ఏటవాలు నిటారవుతుంది. నల్లటి పట్టీ రాత్రి గళ్లలో స్థిరపడుతుంది. బిడ్డ భూమి తిరుగుడుతో కలిశాడు. బిడ్డలందరిలో ఆ జారుడు ఇంత స్పష్టంగా కనిపించదు. చెల్లాచెదురు నుంచి పట్టీకి వచ్చే ప్రయాణం మాత్రం అందరిదీ.

దీని వెనకున్న పనిముట్టు మెదడులో, కంటి నరాలు కలుసుకునే చోటుకు సరిగ్గా పైన, బియ్యపు గింజంత ఉంటుంది. కంట్లో పడే వెలుగే దానికి కీ ఇస్తుంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు రాత్రి కబురు తల్లి ఒంట్లో ఊరే మెలటోనిన్ ద్వారా మాయ దాటి అందుతుంది. బొడ్డుతాడు తెగగానే ఆ కబురు ఆగిపోతుంది. బిడ్డ సొంత మెలటోనిన్‌కు రాత్రీపగలూ లయ కుదరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా ప్రకృతి చేసిన ఏర్పాటు ఒకటుంది: రాత్రి తల్లిపాలలో మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపు ఉండదు. ఉద్యోగానికి వెళ్తూ పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టే తల్లులు సీసా మీద తేదీతోపాటు వేళ కూడా రాసుకుంటే రాత్రి పాలు రాత్రికే పట్టవచ్చు.

ఈ మార్పంతా జరుగుతున్నప్పుడు మొత్తం నిద్ర పెద్దగా తగ్గదు. మొదటి మూడు నెలల్లో రోజుకు 14 నుంచి 17 గంటలు, నాలుగో నెల నుంచి ఏడాదిలోపు 12 నుంచి 16 గంటలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తగ్గేది కొంచెమే, మారేది నిద్ర ఏ గళ్లలో పడుతుందన్నది. "మావాడు అస్సలు నిద్రపోవడం లేదు" అని వాపోయే తల్లి కాగితం తీసి గళ్లు లెక్కపెడితే చాలాసార్లు పదిహేను గంటలు తేలుతుంది. పోయింది బిడ్డ నిద్ర కాదు, ఆమె నిద్ర. ఆ సంగతి అంకెల్లో కనిపించినప్పుడు ఇంట్లో మిగతావాళ్లు ఏం చేయాలో కూడా తెలుస్తుంది: తెల్లవారుజాము గళ్లు ఎవరో ఒకరు పంచుకోవాలి.

సంధ్యవేళ ఏడుపు సంగతి వేరు. దీపాలు పెట్టే వేళకు బిడ్డ గుక్కపట్టి ఏడవడం, ఎత్తుకున్నా, పాలిచ్చినా ఊరుకోకపోవడం, వచ్చిపోయిన చుట్టాల్ని తలుచుకుని ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీయడం తెలుగిళ్లకు బాగా తెలిసిన దృశ్యం. అమెరికా డాక్టరు బెర్రీ బ్రాజెల్టన్ ఈ ఏడుపును తల్లుల చేతే కొలిపించాడు. 80 మంది తల్లులు తమ బిడ్డలు ఎప్పుడు ఏడ్చారో, ఎంతసేపు ఏడ్చారో రోజువారీ రాసిపెట్టారు. 1962లో వచ్చిన ఫలితం ఇది: రెండు వారాల వయసులో రోజుకు సుమారు గంటా ముప్పావు ఏడుపు, ఆరు వారాలకు రెండు గంటల ముప్పావు, అక్కడి నుంచి తగ్గుముఖం. ఎక్కువ భాగం సాయంత్రాల్లోనే. ఆ బిడ్డలు జబ్బుపడ్డవాళ్లు కారు, చక్కగా ఎదుగుతున్నవాళ్లే.

తల్లులు రాసింది నమ్మవచ్చా అని అనుమానం రావడం సహజం. కెనడాలో రొనాల్డ్ బార్ బృందం దాన్నీ పరీక్షించింది. వాళ్లు తల్లిదండ్రులకు రోజును ఐదేసి నిమిషాలుగా విడగొట్టిన కాగితం ఇచ్చి, ఏడుపు వినిపిస్తే తనంతట తానే తిరిగే టేపురికార్డరును ఉయ్యాల దగ్గర పెట్టారు. 1988లో ప్రచురించిన పోలికలో కాగితానికీ టేపుకూ చాలావరకు పొంతన కుదిరింది. మూడేళ్ల తర్వాత బార్, మెల్విన్ కానర్ తదితరులు కలహారి ఎడారిలోని కుంగ్ సాన్ ప్రజల పసిబిడ్డల వివరాలు ప్రచురించారు. అక్కడ తల్లులు బిడ్డను రోజంతా ఒంటికి అంటిపెట్టుకునే తిరిగేవారు, గంటకు కొన్నిసార్లు పాలిచ్చేవారు. అయినా వాళ్లలోనూ మొదటి వారాల్లో ఏడుపు పెరిగి తర్వాత తగ్గింది. ఏడ్చిన సార్లు ఇంచుమించు పాశ్చాత్య బిడ్డలంతే, ఏడ్చిన సేపు మాత్రం సగం. ఏడుపు కొండలా పెరిగి దిగడం బిడ్డ ఎదుగుదలలోనే ఉంది, ఆ కొండ ఎత్తు కొంతవరకు పెద్దల చేతుల్లో ఉంది.

ఆరో వారంలో ఉన్న తల్లికి ఈ సంగతి తెలియడం చాలా పెద్ద ఊరట. రేపటి అలగీత ఇవాళ్టికన్నా పొడవైనా తప్పు తనది కాదని ఆమెకు తెలుస్తుంది. రెండు వారాల తర్వాత అలలు కురచవుతుంటే నమ్మకం కుదురుతుంది. దిష్టి తీసే పెద్దావిడను ఈ లెక్కతో కించపరచనక్కర్లేదు. ఆమె బిడ్డను ఒళ్లో వేసుకుని, లైటు తగ్గించి, గొంతు తగ్గించి చేసే పని ఏ పరిశోధకుడూ వద్దనడు. కానీ ఏడుపుతోపాటు జ్వరం ఉన్నా, పాలు మానేసినా, తడిపే సార్లు తగ్గినా అది సాయంత్రపు ఏడుపు కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆ తేడా పట్టిచ్చేది కూడా పక్క గళ్లలోని 'త'లూ చుక్కలే.

కాగితానికి కనిపించనివీ ఉన్నాయి. 1979లో థామస్ ఆండర్స్ ఉయ్యాలల మీద వీడియో కెమెరాలు పెట్టి చూశాడు. రాత్రంతా పడుకున్నారని తల్లిదండ్రులు అనుకునే బిడ్డలు చాలామంది మధ్యలో లేచి, ఏడవకుండా కాసేపు చూసి, తిరిగి పడుకుంటున్నారు. గళ్లలో ఎక్కేది తల్లిని లేపిన మెలకువ మాత్రమే. దీనికి ఎదురు పొరపాటూ జరుగుతుంది. పసికందు నిద్రలో దాదాపు సగం కదిలే నిద్ర: కనురెప్పల కింద గుడ్లు తిరుగుతాయి, మూతి ముడుస్తాడు, మూలుగుతాడు, కాళ్లు తన్నుతాడు. కళ్లు వేగంగా కదిలే ఈ నిద్రను 1953లోనే క్లీట్‌మన్ ప్రయోగశాలలో యూజీన్ అసెరిన్‌స్కీ కనిపెట్టాడు, అతని పరిశీలన మొదలైంది పసిబిడ్డల కనురెప్పలతోనే. ఇలాంటి కదలిక చూసి బిడ్డ లేచాడనుకుని ఎత్తుకుంటే నిజంగానే లేస్తాడు. గడి నింపే ముందు రెండు నిమిషాలు ఆగి చూసే తల్లికి ఆ తేడా త్వరగా పట్టుబడుతుంది.

ఇంకో జాగ్రత్త. రాత్రి జరిగింది పొద్దున్నే కూర్చుని ఒకేసారి నింపితే అది జ్ఞాపకమే అవుతుంది, లెక్క కాదు. నోటుబుక్కుకు దారంతో పెన్సిలు కట్టి పక్క మీదే పెట్టడం వల్ల ఇది తప్పుతుంది. ఫోన్లలో ఇందుకోసం ఎన్నో యాప్‌లు ఉన్నాయి, కూడికలు అవే చేస్తాయి. కానీ అర్ధరాత్రి చీకట్లో వెలిగే ఫోన్ తల్లి నిద్రనే చెదరగొడుతుంది, పైగా ఆ లెక్కంతా ఒకరి ఫోన్‌లోనే ఉంటుంది. పురిటి సాయానికి తెనాలి నుంచో కరీంనగర్ నుంచో డాలస్ వెళ్లిన అమ్మమ్మకు అల్లుడి ఫోన్ తీయడం మొహమాటం. కాగితం మంచం పక్కన అందరిదీగా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఆవిడ బిడ్డను అందుకున్నప్పుడు చివరి చుక్క ఎక్కడుందో చూస్తే చాలు, కూతుర్ని లేపి అడగక్కర్లేదు.

పెన్సిలు గీతల విలువ తెలిసినవాళ్లు తెలంగాణ పొలిమేరకు అవతలే ఉన్నారు. ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడ డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ ఊళ్లలో కాస్త చదువుకున్న ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి పసికందుల ఇళ్లకు పంపారు. వాళ్లు బరువు తూచేవారు, ఒంటి వేడి చూసేవారు, పాలు ఎలా తాగుతున్నాడో గమనించి ఫారంలో రాసేవారు, జబ్బు లక్షణాలుంటే అక్కడే మందిచ్చేవారు. అంకెలు రాని మంత్రసానుల కోసం శ్వాస లెక్కించడానికి పూసలూ ఇసుక గడియారమూ ఉన్న చిన్న పనిముట్టు తయారుచేశారు. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, మూడో ఏడాదికి ఆ ఊళ్లలో నెలలోపు శిశుమరణాలు పోల్చిచూసిన ఊళ్లకన్నా 62 శాతం తగ్గాయి.

2011లో దేశమంతటా మొదలైన ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణకు దారి చూపింది ఆ పనే. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తుంది. ఒక నిండు నిమిషం శ్వాస లెక్కిస్తుంది. అరవై లేదా అంతకన్నా ఎక్కువైతే ప్రమాద సూచన. ఎదుగుదల గీతలూ టీకాల తేదీలూ తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఎక్కుతాయి.  ఆశా కార్యకర్త వచ్చేది ఆరుసార్లు. మిగతా రోజుల సంగతి ఆమెకు చెప్పగలిగేది తల్లే. "బాగానే ఉన్నాడు" అనే మాట పక్కన గళ్ల కాగితం కూడా ఉంటే, ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య పాలు తాగిన సార్లు తగ్గాయా లేదా అన్నది ఆమెకు క్షణంలో తెలుస్తుంది.

అన్నీ రాయాలనే పట్టుదల మాత్రం కొందరికి చెరుపు చేస్తుంది. ఒక గడి ఖాళీగా మిగిలితే గుండె దడ, చుక్క చుక్కకూ మధ్య నిమిషాల లెక్క, పక్కింటి బిడ్డ కాగితంతో పోలిక. అలాంటి తల్లికి పెన్సిలు కాసేపు ఇంకెవరైనా పుచ్చుకోవాలి. బిడ్డ బరువు పుంజుకుని, రోజూ తడపవలసినన్నిసార్లు తడుపుతుంటే మొదటి నెల తర్వాత పాల చుక్కలు మానేసినా నష్టం లేదు. నిద్ర పట్టీ ఒక్కటి గీసుకుంటే చాలు, అది చూడ్డానికి ముచ్చటగా కూడా ఉంటుంది. ఇలాంటి రాతలు ఏళ్ల తర్వాత కూడా పనికొస్తాయి. చార్లెస్ డార్విన్ 1839 డిసెంబరు 27న పుట్టిన తన పెద్దకొడుకు గురించి రాసుకున్నవి 37 ఏళ్ల తర్వాత తీసి చదివి 1877లో ప్రచురించాడు. ఏడో రోజున అరికాలికి కాగితం ముక్క తాకిస్తే బిడ్డ కాలు లాక్కుని వేళ్లు ముడుచుకోవడం, తొమ్మిదో రోజున కొవ్వొత్తి మీద చూపు నిలపడం అందులో ఉన్నాయి. అంచున ఒక్క మాట రాసుకోవడానికి చోటుంటే మొదటి నవ్వు కూడా తేదీతో దొరుకుతుంది.

క్లీట్‌మన్ పటం 182వ రోజుతో ఆగిపోతుంది. సరిగ్గా 26 వారాలు. ఇక్కడ తల్లిపాలకు తోడు అన్నం మొదలయ్యే వేళ అది. అప్పటికి కాగితం మీద రాత్రి గళ్లు చాలావరకు నల్లబడి ఉంటాయి, పగలు రెండు మూడు కునుకులు చిన్న పెట్టెల్లా విడివిడిగా నిలుస్తాయి, చుక్కలు పలచబడతాయి. ఆ చుక్కల మధ్య ఇప్పటిదాకా అవసరం పడని గుర్తొకటి కావాలి. మెత్తగా మెదిపిన పప్పన్నం, రెండు చెంచాలు, ఒకటి మింగాడు, ఒకటి ఉమ్మేశాడు: పొద్దున పదకొండు గంటల గడిలో అది ఎక్కుతుంది.